తీతువు గుడ్లు, సున్నం రాళ్లు

మార్చి, మొదటి ఆదివారం. మేడిపల్లి అవతలి చెరువు. ఉన్నవారు: నేను, సిరిసిల్ల బావమరిది, కోరుట్ల దోస్తు, నా చెల్లెలి బిడ్డ, ఆమె వెంట వచ్చిన కెమెరాలవాళ్లు ఇద్దరు.

పదకొండేళ్ల కిందటి నా డైరీలో ఒక పేజీ ఇలా మొదలవుతుంది. మొన్న జగిత్యాల నుంచి కోరుట్ల బస్సులో పోతుంటే, ఒక చెరువు కట్ట మీద పొడుగాటి కెమెరాలతో పదిమంది దాకా బారుగా నిలబడి కనిపించారు. వాళ్లు కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉండి, ఇంటికి రాగానే పాత డైరీలు దింపి ఆ పేజీ వెతికి తీశాను.

పిట్టలను చూడటంలోనూ మనిషికొక తీరు ఉంటుంది. నేను సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక, లెక్క రాసి హద్దు పెట్టనిదే ఏదీ చూసినట్టుండేది కాదు. బావమరిది ముప్పై ఏళ్లు సిరిసిల్లలో సాంచాలు నడిపినవాడు. ఆ మరమగ్గాల మోతకు చెవులు మొద్దుబారి పిట్టల కూతలు ఒక్కటీ వినబడేవి కావు గానీ, రెమ్మ కదిలిన తీరును బట్టి దాని మీద వాలింది ఏ పిట్టో చెప్పేవాడు. కోరుట్ల దోస్తుది బట్టలు కుట్టే దుకాణం, మిద్దె నిండా పావురాలు. అడవిలోని పిట్టను కూడా తన పావురమే అనుకొని ముద్దుగా కసురుకునేవాడు. ముగ్గురం ఏళ్ల తరబడి ఆ చెరువు దగ్గర గంటలకొద్దీ కూర్చున్నాం. పొద్దున్నే నీళ్ల మీద పొగమంచు లేస్తుంటే, కొంగలు నీళ్లలో నిలుచున్నాయో గాలిలో తేలుతున్నాయో తెలిసేది కాదు.

ఆ మధ్యలోకి వచ్చారు కెమెరాలవాళ్లు. జగిత్యాలలో టీచరు పని చేసే నా మేనకోడలే, తనూ ఒక కెమెరా మెడలో వేసుకొని, వాళ్లను తెచ్చింది. మేము కూర్చునే తుమ్మచెట్టు నీడలో వాళ్ల స్టాండ్లు పాతుకున్నాయని నాకు లోపల గుర్రుగానే ఉండేది.

ఆ ఆదివారం, నీళ్లు వెనక్కిపోయిన గరుకు నేల మీద తీతువు గూడు నా కంట పడింది. గూడంటే పుల్లలూ ఆకులూ ఏమీ ఉండవు. చిన్న గుంటలో గులకరాళ్లలాగే మచ్చల మచ్చల గుడ్లు నాలుగు. ఫోటోల ధ్యాసలో వీళ్లు తొక్కేస్తారేమోనని భయపడి, మా సర్వే అలవాటు ప్రకారం సంచిలోని సున్నం తడిపి నాలుగు రాళ్లకు పూసి, గూటికి నాలుగు మూలలా హద్దు పెట్టాను.

దోస్తు ఒప్పుకోలేదు. "గుర్తు నీకొక్కనికే కనబడ్తదా భాయ్? కాకులకు కండ్లు లేవా?"

"నువ్వు నీ కబూతర్ల సంగతి చూస్కో" అన్నాను.

అంతటితో ఆగలేదు. గంటకోసారి దిగిపోయి, తల్లిపిట్ట లేచి అరుస్తూ తల మీద తిరుగుతుంటే, గుడ్లు లెక్కపెట్టి రాసుకున్నాను. డైరీలో ఇప్పటికీ ఉంది: ఏడు గంటలకు నాలుగు. ఎనిమిదింటికి నాలుగు. తొమ్మిదింటికి నాలుగు. పదింటికి మూడు.

ఆ అంకె వేసిన చేత్తోనే కెమెరాలవాళ్ల మీదికి పోయాను. "ఫోటోల పిచ్చిల కాళ్ల కింద ఏమున్నదో చూస్కోరా? జీవంతోని ఆటలా మీకు?" అని నోటికొచ్చినట్టు తిట్టాను.

కాసేపటికి మేనకోడలు నన్ను పక్కకు పిలిచింది. "మామా, గిటు రా. గిదొక్కటి చూడు."

ఆమె కెమెరా వెనక చిన్న అద్దంలో బొమ్మ. నా సున్నం రాయి మీద కాకి. దాని ముక్కున గుడ్డు. కాకి వెనకాల, డైరీలో ఏదో రాసుకుంటూ కట్ట వైపు నడిచిపోతున్న నా వీపు.

"ఇంకెవలకన్న చూపెట్టినవా బిడ్డా?"

"లేదు మామా. నీకే."

అప్పుడే పోయి నాలుగు రాళ్లూ ఏరి దూరంగా నీళ్లలో పడేశాను. మిగిలిన మూడు గుడ్లను తల్లి మళ్లీ పొదుగుతుందో, విడిచిపోతుందో తెలియక ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇప్పుడు బావమరిది లేడు. దోస్తు మిద్దె మీద పావురాలూ లేవు. మొన్న కట్ట మీద నిలబడ్డవాళ్లలో ఒకరైనా పక్కవాడితో మాట్లాడటం నాకు కనిపించలేదు. మేమైతే ఆ చెరువు దగ్గర కొట్లాడుకోవడానికైనా ఒకరికొకరం ఉండేవాళ్లం.

ఆ పాత డైరీలోనే మరునాటి సోమవారం పేజీలో రాసుకున్నది కొంచెమే. తెల్లవారగానే మళ్లీ అందరం పోయాం. నా మడత కుర్చీని ముందటి రోజు నేను తిట్టిన అబ్బాయి పక్కన వేసి, "కూసో నాయనా, తప్పు నాదే" అన్నాను. హద్దురాళ్లు లేని నేలంతా ఒక్క తీరుగా ఉంది. ముప్పై ఏళ్లు భూములు కొలిచిన నాకు గూడెక్కడో ఆనవాలు దొరకలేదు. దిగిపోయి వెతకడానికి కాళ్లు రాలేదు. నా అవస్థ చూసి ఆ అబ్బాయే లేచి, తన కెమెరాను గూటి వైపు తిప్పాడు. "పెద్దసారూ, గీడ కన్ను పెట్టుండ్రి."

పెట్టాను. మొదట మంచు, తరువాత మట్టి, ఆ మట్టిలోంచి మెల్లగా ఒక ఎర్రని కన్ను. తీతువు కూర్చొనే ఉంది. అంతలో కాకి నీడ పడింది. పిట్ట దిగ్గున లేచి దాన్ని కట్ట దాకా తరుముతూ చెరువంతా మారుమోగేటట్టు అరిచింది. తీతువు ఒర్రితే కీడని మా అమ్మ తలుపులు మూసేది. నేను మాత్రం చెవులు రిక్కించి నిలబడ్డాను.

బావమరిది నా ముఖం చూసి భుజం తట్టాడు. "ఒర్రుతున్నదా బావా?"

"ఒర్రుతున్నదిరా" అని అతని చెవి దగ్గర గట్టిగా చెప్పాను.