తప్పుచోట పెట్టిన తెల్లరాయి

నా చిన్నప్పుడు నన్నొకసారి దొంగ అన్నారు. జుట్టంతా నెరిసిపోయినా, ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నలభై ఏళ్లు దాటింది, అవి కరోనా రోజులు. జర్మనీలో జీగెన్ అనే చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. బడి మూతపడింది. మా పై వాటాలో వరంగల్ నుంచి ఎమ్మెస్ చదవడానికొచ్చిన ఒక అక్క ఉండేది. నాకు గో నేర్పింది ఆ అక్కే. గీతల పలక మీద ఒకరు నల్లరాళ్లు, ఒకరు తెల్లరాళ్లు పెట్టుకుంటూ చోటు కోసం కొట్లాడుకునే ఆట అది. ఒక ఇంటికి బయటి మనిషి ఒక్కరే రావాలని రూలు. మా ఇంటికొచ్చే ఆ ఒక్క మనిషీ అక్కే. ఆ చలిలో కిటికీ బార్లా తెరిచి, మాస్కులు పెట్టుకుని, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని ఆడేవాళ్లం.

ఆ శీతాకాలం పిల్లల పోటీ ఆన్‌లైన్‌లో పెట్టారు. గెలిస్తే జట్టులో చోటు, పెద్ద ఆటగాళ్ల దగ్గర శిక్షణ. నాకు ఆ చోటు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. చివరి ఆట కూడా గెలిచాను. మర్నాడు పోటీ పెట్టినవాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. పదకొండేళ్ల పిల్ల ఇలా ఆడలేదట, కంప్యూటర్‌ని అడిగి ఆడి ఉంటుందట. తప్పు ఒప్పుకుంటే వచ్చే ఏడాది మళ్లీ ఆడనిస్తారట. లేదంటే వీడియోలో రెఫరీ ముందు కూర్చుని ఆటంతా వివరించాలట.

మా నాన్నకు పరాయి దేశంలో ఎవరితోనూ పేచీ పడకూడదని భయం. "మనకెందుకమ్మా ఈ గోల? ఓ సారీ చెప్పేస్తే పోద్దిగా," అన్నాడు. దొంగ అన్నవాళ్ల మీద కంటే నాన్న మీదే నాకు ఎక్కువ మండింది. చేయని తప్పుకి సారీ ఏమిటి? చేతులు కట్టుకుని సంజాయిషీ మాత్రం ఎందుకివ్వాలి? రెఫరీ ముందు కూర్చోనని మొండికేశాను. పలకని మంచం కిందికి తోసేసి, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను.

గడువు రేపనగా అక్క వచ్చింది. క్లాసు నడుస్తోందంటూ ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టింది. పలక బయటికి లాగి, నన్ను పిలవకుండానే నా చివరి ఆటని మొదటి రాయి నుంచీ పేర్చసాగింది. నేను ముసుగులోంచి చూస్తూనే ఉన్నాను. నన్ను గెలిపించిన ఆ తెల్లరాయిని తీసి, అది ఉండాల్సిన చోట కాకుండా ఒక గీత పక్కకి జరిపి పెట్టింది.

"అక్కడ కాదు," అన్నాను.

"గీడనే పెట్టినవ్ పిల్లా. నేను జూసిన," అంది.

అంతే, ఒక్క గంతులో లేచొచ్చాను. నాకు కోపం వస్తే తెలుగు పోయి జర్మన్ వచ్చేది. అక్కకి ఆ సంగతి బాగా తెలుసు. అక్కడ పెడితే ఆ మూలనున్న నా రాళ్లన్నీ చచ్చిపోతాయని అరిచాను. ఇక్కడే ఎందుకు పెట్టానో, అంతకుముందు ఏం పెట్టబోయి మానుకున్నానో, ఎక్కడ భయపడ్డానో, అన్నీ అరుస్తూనే ఆటని చివరిదాకా నేనే పేర్చాను. అక్క మధ్యమధ్యలో తల అడ్డంగా ఊపుతూ నన్ను ఇంకా రెచ్చగొట్టింది. ఆఖరి రాయి పెట్టాక ల్యాప్‌టాప్‌లోంచి ఎవరో "డాంకె" అని జర్మన్‌లో థాంక్స్ చెప్పారు. అది క్లాసు కాదు. రెఫరీ అంతసేపూ వింటున్నాడు.

జట్టులో చోటు వచ్చింది. క్షమాపణ మాత్రం రాలేదు. సారీ చెప్పేయమన్న నాన్నే చుట్టాలందరికీ వాట్సాప్‌లో నా ఫొటో పంపి మురిసిపోయాడు. చెప్పకుండా నన్ను రెఫరీ ముందు నిలబెట్టిందని కొన్నాళ్లు అక్కతో మాట్లాడలేదు. చివరికి అక్కే మెట్ల మీద అడ్డంగా నిలబడి అంది: "నీ కోపమే నీకు సాక్ష్యం చెప్పింది. దాన్ని ముసుగుల దాచుకుంటె ఎవలికెరుకైతది?"

ఆ తర్వాత గో నా బతుకుతెరువైంది. ఎన్నో ఊళ్లలో ఆడాను, గెలిచాను, ఓడాను. ఇప్పుడు పోటీలకి తీర్పరిగా వెళుతున్నాను. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పిల్ల మీద అదే నింద పడుతుంది. నేను సంజాయిషీ అడగను. ఆ పిల్ల ఆటని నేనే పేర్చి, ఒక్క రాయి తప్పుచోట పెడతాను. కాదంటూ ఆ చిన్న చెయ్యి విసురుగా ముందుకొచ్చిందంటే, ఇక వినడమే నా పని. అంతా విన్నాక, నాకెవరూ చెప్పని సారీని ఆ పిల్లకి నేను చెబుతాను.