ధాన్యం లేని మూల

మా ఆఫీసులో పొద్దున్నే ఒక ఫోన్ చుట్టూ నలుగురు మూగారంటే అమెరికాలో బాస్కెట్‌బాల్ మ్యాచ్ జరుగుతోందన్నమాట. నలభై దాటినా ఇంకా ఎగురుతూనే ఉన్న ఒక ఆటగాడి గురించి వాళ్ళకి ఒకటే బెంగ. ఇంకెన్నాళ్ళు ఆడతాడు, మానేస్తే ఆయన చోటు ఎవరిది, ఆయన పేరు ఎంతకాలం నిలుస్తుంది. ఏలూరు కాలువగట్టు మీద టీ తాగుతూ మనం తేల్చాల్సిన విషయాలే మరి! మాట్లాడి మాట్లాడి, చివరికి అందరూ నా మోకాలి వైపు చూస్తారు.

"మీరూ ఏం తగ్గట్లేదు కదండీ మేడమ్," అంటారు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని కాబట్టి నన్ను స్టార్ అని పిలవడం వాళ్ళకి అలవాటు. అందులో సగం అభిమానం, సగం వెటకారం. ఒకప్పుడు ఆ వెటకారానికి మండిపడేదాన్ని. ఇప్పుడు మండిపడే ఓపిక కూడా లేదు.

ఆ అమెరికా ఆయన ఒంటిని కనిపెట్టుకుని ఉండటానికి ఒక దండు ఉంటుందట. వంటవాళ్ళు, డాక్టర్లు, మర్దనా చేసేవాళ్ళు, మంచునీళ్ళ తొట్టెలు. నాకు మా ఆయన ఉన్నారు. ఆకివీడు వైపు మా పొలాలు చేపల చెరువులయ్యాక ఆయన బతుకంతా చేపలతోనే. సాయంత్రం ఇంటికొస్తూ, చేపలు సర్దే థర్మాకోల్ పెట్టెలో మిగిలిన ఐసు తెస్తారు. అందులో మోకాలు పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటాను. ఎంత కడిగినా ఆ పెట్టెకి కొల్లేటి వాసన పోదు.

"ఏవండీ, ఒక కొత్త పెట్టె తేకూడదా?" అన్నాను ఒకరోజు.

"కొత్తవి చేపలకండీ, స్టార్ గారూ," అన్నారు ఆయన. నవ్వితే మోకాలు కదిలి నొప్పి పుట్టింది.

ఈ ఏడు వానాకాలమంతా ఆ మోకాలు వాచే ఉంది. డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, గుజ్జు అరిగిపోయిందన్నారు. "ఆట మానేస్తే మామూలుగా నడుస్తారండీ. ఇలాగే ఆడితే మెట్లెక్కడానికి ఎవరి చెయ్యో పట్టుకోవాలి." చలికాలంలో తాడేపల్లిగూడెంలో జరిగే టోర్నమెంటు ఒక్కటి ఆడి మానేస్తానన్నాను. "ఆ ఒక్కటే వద్దంటున్నానండీ," అన్నారు.

నొప్పికి భయపడే మనిషిని కాను. మానేశాక ఏం మిగులుతుందన్నదే నా భయం. ఆ అమెరికా ఆయనకి రికార్డులున్నాయి, బొమ్మలున్నాయి, పేరు చెబితే లేచి నిలబడే జనం ఉన్నారు. నాకు అటక మీద కప్పులున్నాయి. వాటిలో పెద్దదాన్ని కిందికి దించి మా అత్తగారు బట్టల క్లిప్పులు వేసుకుంటారు. నేను ఆడానని చెప్పడానికి ఆ క్లిప్పులు తప్ప ఇంకేమీ ఉండదేమోనని దిగులు పట్టుకుంది.

నేను ఆట నేర్చుకున్నది ఉంగుటూరు దగ్గర మా ఊరి హైస్కూల్లో. ఎవరో దాత వేయించిన సిమెంటు కోర్టు అది. ఊళ్ళో అంత చదునైన గట్టి నేల ఇంకోటి లేదు. అందుకని కోతలయ్యాక ఊరంతా ధాన్యం తెచ్చి అక్కడే ఆరబోసేవారు. మా డ్రిల్లు మాస్టారు అందరి కాళ్ళావేళ్ళా పడితే ఒక రింగు ముందు మాత్రం మాకు వదిలారు. అదైనా పూర్తిగా కాదు. కుడిచేతి వైపు మూల మా నాయనమ్మది. ఆరబోసిన ధాన్యం పక్కన గొడుగేసుకుని, కోళ్ళని తోలే కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. బంతి వచ్చి ధాన్యంలో పడితే తిట్టి ఊరుకునేది. కాలు పడితే మాత్రం ఊరుకునేది కాదు.

"అన్నం మీద కాలెడతావటే?" అని పిక్క మీద ఒక్కటిచ్చేది. తర్వాత తొక్కిన గింజల్ని ఏరించి కళ్ళకద్దుకోమనేది.

తక్కిన ఊళ్ళ పిల్లలు ఆ మూలలోంచి తిన్నగా రింగు కిందికి దూసుకెళ్ళేవారు. నేను మాత్రం అక్కడికి రాగానే పెద్ద అంగ ఒకటి పక్కకి వేసి, చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. ధాన్యం ఎత్తేశాక కూడా నా కాలు అటు పోయేది కాదు. ఏలూరు వచ్చాక మా కోచ్‌గారు జుట్టు పీక్కున్నారు. "అక్కడ ఎవరున్నారమ్మా, అంత మర్యాదగా తప్పుకుంటున్నావు?" అనేవారు. మా నాయనమ్మ ఉందని ఎలా చెప్పను? మాన్పించాలని ఆయన చాలా పాట్లు పడ్డారు. తీరా మ్యాచ్‌లో చూస్తే అవతలివాళ్ళు ఆ మూలలో నాకోసం కాపు కాసి ఉండేవారు, నేను పక్కనుంచి వెళ్ళి బంతి వేసి వచ్చేదాన్ని. దాంతో ఆయన మాట్లాడటం మానేశారు. తర్వాత్తర్వాత అదే నా ప్రత్యేకత అని చుట్టుపక్కలంతా చెప్పుకున్నారు. కానీ ఆ అంగలో ఒంటి బరువంతా ఒక్క మోకాలి మీదే పడుతుంది. ఇప్పుడు అరిగిపోయింది ఆ మోకాలే.

సాయంత్రాలు వట్లూరులో కాలేజీ అమ్మాయిలతో కలిసి ఆడుతూ నాకు తెలిసినదంతా వాళ్ళకి నేర్పాను. ఆ అడుగు మాత్రం నేర్పలేదు. అది ఆట కాదు, కర్రకి భయం. దానికి ఒక మోకాలు పోయింది చాలు. పైగా ఇప్పుడు ఆ కోర్టూ లేదు, మా నాయనమ్మా లేదు. కోర్టు ఉన్నచోట తరగతి గదులు కట్టారు.

డాక్టరుగారి మాట పెడచెవిన పెట్టి, ఆ అమ్మాయిలతో కలిసి తాడేపల్లిగూడెం వెళ్ళాను. మొదటి మ్యాచ్‌లో దిగిన కాసేపటికే కుడి మూల దగ్గర ఆ అంగ వేశాను. మోకాలు ఆగలేదు. కింద పడలేదు గానీ పడినంత పనైంది. కుంటుకుంటూ బెంచీ మీదికి వచ్చి బూట్ల లేసులు విప్పేశాను. మళ్ళీ కట్టనని విప్పుతున్నప్పుడే తెలిసిపోయింది. చూడ్డానికి వచ్చిన మా ఆఫీసువాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. తువ్వాలుతో చెమట తుడుచుకున్నట్టు మొహం తుడుచుకున్నాను.

నా బదులు దిగిన అమ్మాయిది కామవరపుకోట దగ్గర మెట్ట ఊరు. మొక్కజొన్న, ఆయిల్‌పామ్ మధ్య పెరిగిన పిల్ల. కాసేపటికి బంతి అందుకుని కుడి మూలకి వచ్చింది. అడ్డం ఎవరూ లేరు. తిన్నగా వెళ్తే రింగే. ఆ పిల్ల పెద్ద అంగ ఒకటి పక్కకి వేసి, చుట్టు తిరిగి వెళ్ళి బంతి వేసింది.

విరామంలో నీళ్ళు తాగడానికి నా దగ్గరికొస్తే కోపంగానే అడిగాను. "దారంతా ఖాళీగా ఉంటే అలా చుట్టు తిరిగావేమే? నేనెప్పుడైనా అలా వెళ్ళమన్నానా?"

"లేదండీ," అంది బెదిరిపోయి. "మీరెప్పుడూ అటు కాలు పెట్టరు కదండీ. అక్కడ తొక్కకూడదేమో అనుకున్నానండీ."

ఆ అడుగు మానెయ్యి, మోకాలు పోతుంది అని చెప్పాలి. తిరిగొచ్చేటప్పుడు రైల్లో చెబుదామనుకున్నాను. అప్పటికి మాత్రం, "తొక్కకూడదు తల్లీ. అక్కడ మా నాయనమ్మ ధాన్యం ఉంది," అన్నాను.

ఆ పిల్ల ఒకసారి ఆ మూలకేసి చూసింది. ఏం అర్థమైందో గానీ "సరేనండీ" అని సీసా నా చేతిలో పెట్టింది. విజిల్ వేయగానే ఆ మూల తొక్కకుండా పక్కనుంచి కోర్టులోకి వెళ్ళింది.