లాక్‌కు పెట్టిన కుంకుమ

నాకు ఫోన్ వచ్చిందంటే ఎక్కడో ఒక కంప్యూటర్ మొరాయించినట్టే. ఊరికే పలకరించేవాళ్లు ఎవరూ లేరు. మాది ఇచ్చోడ, బతికేది కరీంనగర్‌లో ఒక అద్దె గదిలో. నలభై దాటాయి, పెళ్లి కాలేదు. మెస్సువాడు నా ముఖం చూడకుండానే ప్లేటు పెడతాడు. అందుకే సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన వారం నాకు పండగ. పాత ప్రోగ్రాములన్నీ టపటపా మూతపడతాయి, అందరికీ నేను గుర్తొస్తాను.

పోయిన దసరా మరునాడు ఒక నేత కుటుంబం నుంచి ఫోన్ వచ్చింది. కరీంనగర్‌కు గంట దూరంలో ఇల్లు, భార్యాభర్తలిద్దరే, నాలుగు సాంచెలు. సాంచె అంటే అక్కడ మరమగ్గం. చీర అంచు డిజైన్ కంప్యూటర్‌లో గీసి, పెన్‌డ్రైవ్‌తో సాంచెకు ఎక్కిస్తారు. ఆ డిజైన్ ప్రోగ్రాము తెరవగానే ఒక్క క్షణం కనిపించి మాయమవుతోంది. చేతిలో పెళ్లి చీరల ఆర్డర్ ఉంది, సాంచెలు ఆగిపోయాయి.

వెళ్లి చూద్దును కదా, మానిటర్‌కు, కీబోర్డుకు, చివరికి వెనక గుచ్చిన లాక్‌కు కూడా పసుపూ కుంకుమా. లాక్ అంటే బొటనవేలంత ముక్క, అది గుచ్చకపోతే ఆ ప్రోగ్రాము నడవదు. దసరాకు పనిముట్లన్నిటికీ పూజ చేసే ఇల్లు, ఆ ఇల్లాలు దాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది?

అసలు తప్పు అప్‌డేట్‌ది. సిస్టమ్ కొత్తదైంది, ప్రోగ్రాము పాతదే. పాత సిస్టమ్‌లో నడిచినట్టే నడిచేలా ఒక సెట్టింగ్ మార్చి, లాక్‌కు కావలసిన చిన్న ఫైలు మళ్లీ ఎక్కించాను. అరగంటలో తెరుచుకుంది. గదిలో నేనొక్కడినే ఉన్నాను. అప్పుడే వంటింట్లోంచి ఆమె పిలిచింది.

"తమ్మి, అన్నమైంది, రా. మా ఆయన నీకోసమే కూసున్నడు."

తింటున్నంతసేపూ మా ఊరి పత్తి సంగతి అడిగారు, మా అవ్వ, బాపు ఎప్పుడు పోయారో అడిగారు. నాతో ఎవరైనా కంప్యూటర్ గురించి కాకుండా మాట్లాడి ఎన్నేళ్లయిందో. చేయి కడుక్కుని వచ్చి ప్రోగ్రాము మూసేశాను. లాక్ పీకి తుడిచి, "దీంట్లకు తడి కుంకుమ పోయింది, ఆరాలె. రేపొస్త," అని జేబులో వేసుకున్నాను.

మరునాడు వెళ్లాను, మళ్లీ తిన్నాను. ఇంకా ఆరలేదన్నాను. ఆయన భార్యతో మాట్లాడటం లేదని గమనించాను కానీ పట్టించుకోలేదు. నా సంబరం నాది.

మూడో రోజు నేను గడప దాటకముందే ఆయన గొంతు వినిపించింది.

"మిషిన్లకు బొట్టు పెట్టకంటె ఇన్నవా? పెండ్లోళ్లు ఆర్డర్ వాపస్ తీసుకుంటమంటుండ్రు."

ఆమె నన్ను చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "జర కూసో తమ్మి, చాయ్ పెడ్త," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. లాక్ గుచ్చి, ప్రోగ్రాము తెరిచి ఆయనను పిలిచాను.

"అన్నా, కుంకుమతోని ఏం కాలే. అప్‌డేట్‌తోని గట్లయింది. మొదటి రోజే బాగైంది. నేనే అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

"మీతోని కూసోని అన్నం తినబుద్ధయింది."

తిట్టినా బాగుండేది. ఆయన నా వంక చూసి, పెన్‌డ్రైవ్ తీసుకుని సాంచెల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆమె చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది.

"ఆకలైతుందంటె నేను పెట్టనా తమ్మి? మూడు రోజులు నాకు తిట్లు తినిపిచ్చినవ్," అంది.

ఆర్డర్ పోలేదని తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

ఈ మధ్య మళ్లీ పెద్ద అప్‌డేట్ వచ్చింది. హుజూరాబాద్ నుంచి, ఆదిలాబాద్ నుంచి ఒకటే ఫోన్లు. ఆ నేత ఇంట్లో ప్రోగ్రాము కూడా మూతపడే ఉంటుందని నాకు తెలుసు. మూడు రోజులు ఎదురుచూసి, ఇక ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది.

"వేరేటాయనను పిలిచినం తమ్మి. బాగ చేసిండు. ఇప్పుడే అన్నం తిని పోయిండు."

మంచిదక్కా అన్నాను.