ఉన్నచోట ఉండనీయని సిద్దయ్య మామ

జమ్మలమడుగులో మా పక్కింటి సిద్దయ్య మామకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు: ఏ వస్తువునూ ఉన్నచోట ఉండనీయడు.

గొర్రెలు మేపినన్నాళ్లూ రోజుకొక చేలో మంద కట్టినవాడు. గొర్రెలమ్మి ఇంటిపట్టున కూర్చున్నాక ఆ చెయ్యి సామాన్ల మీద పడింది. రాత్రి తూర్పున ఉన్న మంచం తెల్లారేసరికి పడమటికి చేరేది. ఒక శనివారం గుడి నుంచి వాళ్లింటికి ప్రసాదం పట్టుకెళ్లి, అలవాటైన కుర్చీయే కదా అని చూడకుండా కూర్చున్నాను. నీళ్ల గంగాళంలో పడ్డాను. దేవుడి దయవల్ల పులిహోర తడవలేదు.

"ఏంది మామా ఇది?"

"కదిలిస్తే పోయేదేముందప్పా?" అన్నాడు, పులిహోర అందుకుంటూ.

ఆయన చెయ్యి పడని చోటు వంటిల్లొక్కటే. అది రామేశ్వరమ్మత్త రాజ్యం. దారిన పోయేవాళ్లను పిలిచి మజ్జిగ పోసే మనిషే గానీ, పోపులపెట్టె జానెడు జరిగిందంటే ఆమె ఇంకో మనిషి. పెద్దకోడలు శ్వేత ఒకనాడు బెల్లం ఎక్కడుందని అడిగింది.

"ఇన్ని దినాల్నించి ఉండావు, బెల్లం యాడుందో తెలీదా?" అంది అత్త.

ఇలాంటివి కొన్ని అయ్యాక శ్వేత మొగుడితో సహా ప్రొద్దుటూరులో వేరు కాపురం పెట్టింది. ఆ పూట అత్త అన్నం ముట్టలేదు. ఇప్పుడు చిన్నకొడుకు అవినాష్‌కు వేములలో సంబంధం కుదిరింది. ఈ కోడలైనా నిలుస్తుందా అన్నది ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని దిగులు.

మామకు మాత్రం చేపల దిగులు. వసారాలో పెద్ద అద్దాల తొట్టి పెట్టి, అందులో ఒక చారల సిక్లిడ్‌ను పెంచుతున్నాడు. కొత్తగా ఏ చేపను వదిలినా అది తరిమి తరిమి తోక కొరికేది. చేపలమ్మే అద్నాన్‌ను అడగాలని నన్ను ప్రొద్దుటూరు లాక్కుపోయాడు.

"మింగే రకమైతే వేరే తొట్టే గతి మామా," అన్నాడు అద్నాన్. "ఇది కొరికే రకం. ఈ రాయి నాది, ఈ మూల నాది అనుకుంటాది. కొత్తవి వదిలే ముందు రాళ్లన్నీ మార్చి పెట్టు. దానికీ తొట్టి కొత్తయిపోతాది. తన చోటు వెతుక్కునే పనిలో కొరికేది మర్చిపోతాది."

"ప్రతిసారీ పనిచేస్తాదా?" అన్నాను.

"ఎట్ల చెప్తామన్నా, చేపలు గదా!"

మామకు ఇంతకన్నా తీయని మాట ఎవరూ చెప్పి ఉండరు. ఇంటికి రాగానే రాళ్లన్నీ తారుమారు చేసి, రెండు గౌరామీ చేపలను వదిలాడు. సిక్లిడ్ సంతలో తప్పిపోయినదానిలా తిరిగింది. సాయంత్రానికి మూడూ ఒకేచోట మేత తిన్నాయి.

పెళ్లి వేములలో జరిగింది. తలంబ్రాలు పడ్డాయో లేదో, పెళ్లికొడుకు తండ్రి మాయం! బడిపంతులును కదా, సెలవు లేక నేనూ ముందు బస్సుకు వచ్చేశాను. చూద్దును గదా, మామ పంచె ఎగ్గట్టి వంటింట్లో డబ్బాలు మోస్తున్నాడు.

"మామా! అత్త చూస్తే చంపుతాది!"

"కదిలిస్తే పోయేదేముందప్పా? ఆ పసుపు డబ్బా ఇట్లియ్యి."

పిచ్చి ముదిరిందనుకుంటూనే ఇచ్చాను.

పెళ్లివాళ్లు దిగిన మరునాడు పొద్దున్నే గోడవతల కేకలు.

"ఏమయ్యా, ఉప్పు యాడికి మోసినావు?"

"ఈ డబ్బాలో రాగిపిండి ఉందత్తా." ఇది కొత్తకోడలు నందిని గొంతు.

"నాకే దిక్కు తెలీకుండాది, నీకేం తెలుస్తాది తల్లీ! నువ్వు ఆ పక్క చూడు, నేనీ పక్క చూస్తా."

"దొరికిందత్తా! బియ్యం డ్రమ్ము ఎనక!"

"డ్రమ్ము ఎనక ఉప్పు పెట్టే మొగోడు యాడన్నా ఉంటాడామ్మా?"

"మా నాయన ఇట్ల చేసుంటే మా అమ్మ ఇంట్లోకే రానియ్యదత్తా."

నేను వెళ్లేసరికి మామ వసారాలో చేపలకు మేత వేస్తున్నాడు.

"ఇద్దరూ తిడతాండారే మామా?"

"ఇద్దరూ ఒక పక్క నుంచే తిడతాండారు గదప్పా. ఇంకేం గావాల?" అని, లోపలికి చూసి కేకేశాడు. "అమ్మా నందినీ, రెండు కాఫీలు!"

నందిని నవ్వాపుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "చక్కెర యాడ పెట్టినారో చెప్తే ఇస్తా మామా."

మామ నెత్తి గోక్కున్నాడు.

"నాకూ గుర్తు ల్యాదు తల్లీ."