ఎఫ్రోసినా టీచరు తీసిన హాజరు

వహాకా నగరం నడిబొడ్డున చౌకులో పంతుళ్ల ధర్నాకి అది తొమ్మిదో రోజు. ఇరవై మందికన్నా తక్కువ పిల్లలున్న కొండ బళ్లను మూసేస్తామని ప్రభుత్వం కాగితం పంపింది. ఎఫ్రోసినా టీచరు బడిలో పదిహేడుగురే.

పొద్దున్నే టార్పాలిన్ల కింద సంఘం తరఫున హాజరు తీయడం ఆవిడ పని. సంచిలో ఒకే నీలం అట్టతో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి తీసి, "దోనాజీ" అని పిలిచింది. ఎవరూ పలకలేదు.

"ఉబాల్దో. ఏం, ఇంకా నిద్ర మత్తు దిగలేదా మీకు?" అని కసిరి, అప్పుడు చూసుకుంది. అది తన బడి పిల్లల హాజరు పట్టీ. ఆవిడ మొహం చిన్నబోయింది. పుస్తకం మూయబోతుంటే, కాఫీ కాస్తున్న ముసలి పంతులు అబుందియో తల తిప్పకుండానే, "ప్రెజెంట్ టీచర్" అన్నాడు.

ఆవిడ పుస్తకం మళ్లీ తెరిచి మూడో పేరు పిలిచింది. దానికి ఇంకెవరో పలికారు. అలా పదిహేడో పేరు దాకా ఎవరో ఒకరు పలుకుతూనే ఉన్నారు.

రోజూ ఆవిడని ఆటపట్టించే కుర్ర పంతులు లెంచో లేచి నిలబడ్డాడు.

"ముగ్గురేగా తక్కువ, టీచరమ్మా? నన్ను రాసుకోండి. ఐదో తరగతి."

అతని వెనక మరో ఇద్దరు చేతులెత్తారు.

ఎఫ్రోసినా శాలువా చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"నీ దస్తూరీకి ఐదో తరగతి ఎవరిస్తార్రా, రెండులో కూర్చో" అంటూనే, పద్దెనిమిదో గీత మీద అతని పేరు రాసింది.