సన్‌షేడ్ వెనక దాచిన పటం

కువైట్‌లోని అబ్దలీ యార్డులో నేను దిగింది జూలై నెలలో, పొద్దున ఐదున్నరకి. మంగఫ్ క్యాంపు నుంచి కంపెనీ బస్సు తీసుకొచ్చి గేటు దగ్గర వదిలేసింది. దిగగానే దుమ్ము. కువైటీలు తూజ్ అంటారు. నా కాళ్ళ దగ్గరున్న పెట్టె తప్ప ఇంకేమీ కనిపించలేదు. సెక్యూరిటీ గార్డుగా నాకిచ్చిన సామాను: టార్చి, వాకీటాకీ, నీళ్ళ సీసా, తలకి టోపీ. తుపాకీ లేదు. ఇరవై నాలుగేళ్ళు మన ఆర్మీలో తుపాకీ మోసి హవల్దారుగా రిటైరైనవాణ్ణి. నెలరోజుల దాకా భుజం వెలితిగానే ఉండేది.

యార్డుకి ఉత్తరాన ఇరాక్ సరిహద్దు. అవతల ఒక ఆయిల్ క్యాంపుకి మా లారీలు నీళ్ళు, బియ్యం, కూరగాయలు తోలేవి. పది లారీల కాన్వాయ్. పొద్దున ఆరుకి బయలుదేరి మధ్యాహ్నానికి తిరిగి రావాలి. నా డ్యూటీ గేటు. టైర్లు, డీజిలు, వైర్‌లెస్ సెట్టు చూసి పంపాలి. చివరికి ఫోటోలు కూడా చూడాలి.

ఫోటోలేంటని మా రాయచోటిలో అందరూ అడుగుతారు. చెప్తాను. ఇరాక్‌లో యుద్ధం అయిపోయింది గానీ తుపాకులు దించలేదు. తుపాకులున్న దళాలే పార్టీలు పెట్టాయి, ఓట్లు అడిగాయి, పార్లమెంటులో కూర్చున్నాయి. ఒక్కో దళం వెనక ఒక మతపెద్ద. మా దారిలో రెండు చెక్‌పోస్టులు. మొదటి పోస్టు కుర్రాళ్ళు నల్లపాగా పెద్దాయన మనుషులు. రెండోది తెల్లపాగా పెద్దాయన వాళ్ళది. లారీ అద్దానికి ఎవరి పెద్దాయన ఫోటో ఉంటే వాళ్ళు త్వరగా వదిలేవాళ్ళు. అందుకని ప్రతి డ్రైవరు దగ్గరా రెండు ఫోటోలు. మొదటి పోస్టు దాటగానే నల్లపాగా పీకి సీటు కిందికి తోసెయ్యడం, తెల్లపాగా అంటించడం. తిరుగు దారిలో అటుదిటు. అదీ పద్ధతి.

ఆ పద్ధతి ఒక్కడికే నచ్చలేదు. ఓబులేసు. మా జిల్లావాడే, చిన్నమండెం పక్క పల్లె. నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళావిడ సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. ఇద్దరూ ఒకే దేశంలో ఉండి నెలకొక శుక్రవారం కలుసుకునేవాళ్ళు. వాడి క్యాబిన్‌లో మా వీరభద్రస్వామి పటం కూడా ఉండేది, దానికి ఎండిపోయిన ప్లాస్టిక్ పూలు.

"ఆ పాగా పటం సీటు కింద యాల పెట్టవు?" అని అడిగాను.

"ఎట్ల పెడ్తాన్నా? ఎవురి దేవునికి సంబంధించినోళ్ళైతే ఏమి, పెద్దోళ్ళ పటం. కాళ్ళ కాడ పెట్టి పైన కూసుంటే చేతులాడవు నాకు."

"అద్దం మింద రెండూ పెట్టకూడదు. గుర్తుండాదా?"

"పెట్టన్నా. ఎండకి దించుకునే అట్ట ఉంది గదా, దాని ఎనకాల పెడ్తా. తలకంటే పైనే ఉంటాది."

సరేలే అన్నాను. మనవాళ్ళకి ఉన్న అలవాటే అది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే జాతి మనది. నేనైనా అదే చేసేవాణ్ణి.

పదకొండు నెలలు ఏ గొడవా లేదు. రెండు పార్టీలూ కలిసి ప్రభుత్వంలో ఉన్నాయి. రెండు పోస్టుల వాళ్ళూ ఒకరికొకరు టీ పంపుకునేవాళ్ళు. తర్వాత ప్రధానమంత్రి కుర్చీ దగ్గర చెడింది. నల్లపాగా పార్టీ మెంబర్లు పార్లమెంటు నుంచి లేచి వచ్చేశారు. మాకెవరూ చెప్పలేదు. మా కాన్వాయ్ మామూలుగానే ఆరుకి కదిలింది.

తొమ్మిదీ పదికి వైర్‌లెస్ మోగింది. సెట్టు దగ్గర కూర్చునేది ఒక మలయాళీ, మన ఆర్మీ సిగ్నల్స్‌లో చేసి వచ్చినవాడు. నన్ను చేత్తో పిలిచాడు.

"హవల్దారన్నా, రెండో పోస్టులో నిలిపినారు. ఇయ్యాల బండి మొత్తం ఎతుకుతాండారు." ఓబులేసు గొంతే. నిదానంగానే ఉంది. "అట్ట కిందికి గుంజినారన్నా. నల్లపాగా పటం నా ఒళ్ళో పడింది."

తర్వాత గరగర. మలయాళీ ఎంత పిలిచినా బదులు లేదు. మిగతా తొమ్మిది లారీలూ తిరిగొచ్చాయి. పదోది రాలేదు.

అప్పటి నుంచి మొదలైంది నా తలనొప్పి. కంపెనీకి ఒక మందూబ్ ఉన్నాడు, ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాల పనులు చేయించే ఈజిప్టు మనిషి. పాపం మంచివాడే. రోజంతా ఫోన్లు చేశాడు. తెల్లపాగా పార్టీ ఎంపీగారి మనిషి అన్నాడు, పోస్టులు మా చేతిలో లేవు, ప్రభుత్వ బలగాల కింద ఉన్నాయి. ప్రభుత్వ అధికారి అన్నాడు, ఆ కుర్రాళ్ళు జీతం మా దగ్గర తీసుకుంటారు గానీ మాట మాత్రం పెద్దాయనదే వింటారు. పెద్దాయన ఆఫీసులో ఎంతో మర్యాదగా మాట్లాడారట. మా హుజూర్ రాజకీయాల్లో తలదూర్చరు, మీరు ఎంపీగారిని కలవండి అన్నారట.

నేను గేటు దగ్గరి నా కేబిన్ గోడని గుద్దాను. నాకు తెలిసిన లోకంలో ఆర్డరు ఒక నోటి నుంచి వస్తుంది. అది తప్పైతే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఇక్కడ తుపాకీ ఉంది, ఓటు ఉంది, మతం ఉంది, మూడూ ఒకే ఇంటివి. తలుపు తడితే ఎవరూ ఆ ఇంటివాళ్ళు కారు. శత్రువు మీద కూడా నాకెప్పుడూ అంత కోపం రాలేదు.

మూడో రోజు వాళ్ళావిడ ఫోన్ చేసింది. యజమానురాలిని మామా అంటారు అక్కడ పనిచేసే ఆడవాళ్ళు.

"మామా ఫోను తీసుకోని మాట్లాడతాండా అన్నా. ఆయప్ప యాడుండాడు?"

"అడుగుతానే ఉండామమ్మా."

"ఎవుర్ని అడుగుతాండారు?"

చెప్పాను. ముగ్గురి సంగతీ చెప్పాను.

"మూడో ఆయన మళ్ళా మొదటాయన్నే అడగమన్నాడంటే, ఎవురూ ఇడిపించరనేగా అన్నా?"

కాదమ్మా అన్నాను. లోపల మామా పిలిచినట్టుంది, ఫోన్ పెట్టేసింది.

పదకొండో రోజు మధ్యాహ్నం కేబిన్ టీవీలో చూశాం. పార్టీలు రాజీ పడ్డాయి. మంత్రి పదవులు పంచుకున్నారు. నల్లపాగా పెద్దాయన, తెల్లపాగా పెద్దాయన ఒక ఇంటి వరండాలో కావలించుకున్నారు. చుట్టూ ఎంపీలు చప్పట్లు. ఒక గంటకి మందూబ్‌కి ఫోన్ వచ్చింది. మీ మనిషిని తీసుకుపొండి.

సరిహద్దు గేటు దగ్గర నిలబడ్డాం, నేనూ మందూబూ. ఎండ నలభై ఆరు. అవతలి వైపు అప్పుడే కొత్త ఫ్లెక్సీ కట్టారు. పెద్దాయనలు ఇద్దరూ పక్కపక్కన, నవ్వుతూ. ఏ రెండు పటాలు ఒక క్యాబిన్‌లో ఉన్నాయని మావాణ్ణి పట్టుకున్నారో ఆ రెండే. దాని కింద నుంచి ఓబులేసు నడిచి వచ్చాడు. కుడిచేతికి మురికి గుడ్డ చుట్టి ఉంది. మూడు వేళ్ళు విరిగాయి. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, గేరు వేసేది కుడిచేత్తో.

జీపులో అడిగాను. "అందురి కాడా రెండు పటాలుండె గదా. నిన్నే యాల పట్టుకున్నారు?"

"వాళ్ళ సీట్ల కింద కూడా చూసినారన్నా. కాళ్ళ కింద పడేసిండారని నవ్వి పొమ్మన్నారంట. నువ్వు తల పైన దాచుకున్నావు, అంటే నువ్వు వాళ్ళ మనిషివే అన్నారు. నాకు అరబ్బీ అంత రాదు. ఎట్ల చెప్పేది?"

ఆసుపత్రిలో కట్టు కట్టారు, వేళ్ళు మాత్రం ఇక ముడుచుకోవు అన్నారు. కంపెనీ ఖలాస్ అంది. టికెట్ చేతిలో పెట్టింది. వాళ్ళావిడ కాంట్రాక్టు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆమె అక్కడే, వీడు ఊరికి.

వెళ్ళే రోజు మధ్యాహ్నం నా కేబిన్‌లోనే భోజనం. మలయాళీ చేపల పులుసు చేశాడు. నేల మీద పాత పేపర్లు పరిచి, అన్నం గిన్నె తెచ్చి దించబోయాను. ఓబులేసు ఆగమన్నాడు. వంగి ఒక కాగితం ఎడమచేత్తో తీశాడు. అరబ్బీ పేపరు. మొదటి పేజీలో ఆ వరండా, ఆ కౌగిలింత.

నాకు ఒళ్ళు మండింది. "ఒరే, నీ యేళ్ళు ఇరగ్గొట్టినోళ్ళ పెద్దలురా వాళ్ళు."

"అవునన్నా," అన్నాడు. "అన్నం మెతుకులు పడతాయి గదా."

నా కాంట్రాక్టు ముగించుకుని నేనూ ఊరికి వచ్చేశాను. టీ అంగడి దగ్గర అడుగుతుంటారు, ఆ దేశంలో అసలు రాజ్యం ఎవరిది హవల్దారూ అని. ఎంపీల దగ్గర మొదలుపెడతాను, తుపాకుల దగ్గరికి వస్తాను, పెద్దాయనల దగ్గర ఆగి మళ్ళీ ఎంపీల దగ్గరికే పోతాను. వినేవాళ్ళు టీ తాగేసి లేచిపోతారు. వాళ్ళని ఏమీ అనను. నాకైనా తెలిస్తే కదా.

కళ్ళ ముందు నిలిచేది మాత్రం ఒకటే. కేబిన్ మధ్యలో నిలబడ్డ ఓబులేసు. కట్టు కట్టిన చెయ్యి కడుపుకి ఆనించుకుని, రెండో చేత్తో ఆ పేపరు పట్టుకుని, ఎత్తుగా ఉన్న చోటు కోసం చుట్టూ చూస్తున్నాడు. ఫ్రిజ్ పైన నా టోపీ ఉంది. టోపీని మెల్లగా పక్కకి జరిపి, పేపరు అక్కడ పెట్టాడు.