బ్రేకులకు నూనె వేసిన ఆదివారం

మొన్న ఎమ్మిగనూరు నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. మంచీ చెడ్డా అయ్యాక, ఏదో చింతపండు అడిగినంత తేలిగ్గా, "అక్కా, బావ దగ్గర జాకీ స్టాండ్లు, పెద్ద వీల్ పానా ఉండాయి కదా, ఈ ఆదివారం నాకియ్యమని సెప్పు. కారు బ్రేకులు ఇంటికాడనే సేసుకుందామని" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ సామాన్లు అడిగేదానికైతే మా గడప తొక్కద్దు" అని ఫోన్ పెట్టేశాను. జరిగిన సంగతి వాడికి తెలియనిది కాదు. ఆ సోమవారం మమ్మల్ని నడివీధిలోంచి ఎక్కించుకుపోయినవాడు వాడే. అయినా ఈ మగవాళ్లకు ఇలాంటివి ఎట్లా మరుపున పడతాయో, నట్టూ బోల్టూ కనపడితే చాలు కళ్లు ఎందుకట్లా మెరుస్తాయో, ఇంత వయసొచ్చినా నాకు అర్థం కాలేదు.

మా ఆయనది ఆదోనిలో పత్తి వ్యాపారం చేసిన కుటుంబం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్లకు సొంత జిన్నింగు మిల్లు ఉండేది. పత్తిలోంచి గింజను వేరుచేసే ఆ మిషన్లు పొద్దస్తమానం దడదడలాడుతుంటే, ఇంట్లో అన్నం పళ్లెంలోకి కూడా దూది ఎగిరొచ్చి పడేది. షావుకారు కొడుకన్నాక గద్దె మీద కూర్చోవాలి కదా, ఈయన మాత్రం ఎప్పుడూ మిషన్ల సందుల్లోనే, చేతిలో పొడుగాటి ముక్కున్న నూనె డబ్బాతో. ఎక్కడైనా కీచుమని చిన్న చప్పుడు వినపడిందంటే తింటున్న అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. ఊరికే కాదులెండి. నూనె అందని బేరింగు అరిచి అరిచి వేడెక్కుతుంది, ఒక్క నిప్పురవ్వ లేచిందంటే చుట్టూ ఉన్నది పత్తి. అందుకని మిల్లులో అందరికీ ఒకటే అలవాటు. ఏది కీచుమన్నా ముందు రెండు చుక్కలు నూనె వేయడం, కారణం తర్వాత వెతుక్కోవడం. కొన్నేళ్లకు మిల్లు మూతపడింది. అలవాటు మాత్రం మా ఇంటికొచ్చింది. తలుపు బందులు, ఇనప మంచం, కుట్టుమిషను, ఉయ్యాల గొలుసులు, అన్నీ నూనె కారుతూ ఉంటాయి. నా పట్టుచీర ఒకటి బీరువా తలుపు సందులో పడి ఏమైందో మాత్రం అడక్కండి, ఆ చీర గురించి మాట్లాడితే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇక మా అత్త సంగతి. ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి పొర కమ్మి, మనుషుల్ని గొంతును బట్టీ అడుగుల చప్పుడును బట్టీ గుర్తుపడుతూ చాలా ఏళ్లు నెట్టుకొచ్చింది. ఆపరేషన్ మాటెత్తితే, "ఈ వయసులో నాకు సూపెందుకమ్మా, సూడాల్సినవన్నీ సూసేసినా" అనేది. అదంతా పైమాట, లోపలున్నది భయం. పొర బాగా ముదిరిందని, ఇంకా నానిస్తే ఉన్న కాస్త వెలుగూ పోతుందని కర్నూలు డాక్టరు గట్టిగా చెప్పాడు. నేను బతిమాలి, అలిగి, ఆమె ముందు కూర్చుని ఏడ్చి, చివరికి ఒప్పించాను. సోమవారం పొద్దున ఆపరేషన్. "ఈ తూరి తప్పిందంటే మల్లా నన్ను అడగొద్దు" అని ముందే కట్టడి చేసింది. ఆ మాట మీద నిలబడే మనిషని ఇంట్లో అందరికీ తెలుసు. సరిగ్గా ఆ వారమే మా పాత కారు, బ్రేకు తొక్కినప్పుడల్లా కీచుమని అరవడం మొదలుపెట్టింది.

మెకానిక్ దగ్గరికి తీసుకుపొమ్మని నేను తల బాదుకున్నాను. "బ్రేకులంటే ఏముందే? నాలుగు బోల్టులు. మిల్లు నడిపినోనికి ఇదొక పనా?" అన్నాడు. ఫోన్లో వీడియోలు చూశాడు, కొత్త ప్యాడ్లు తెచ్చాడు, సామాన్లు కొన్నాడు. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు దుకాణం పరిచాడు. మొదట జాకీతో బండి పైకెత్తి, తర్వాత చక్రం నట్లు తిప్పబోయాడు. నట్టుతో పాటు చక్రమూ గిర్రున తిరిగింది. నట్లు నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలట, ఆ ముక్క వీడియోలో ఉందట, ఈయన ముందుకు జరిపేశాడట! మళ్లీ దించి, మళ్లీ ఎత్తి, వెనక చక్రాలకు బండరాళ్లు పెట్టి, వట్టి జాకీని నమ్మకూడదని కింద స్టాండ్లు నిలిపేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెంలాంటి డిస్కును రెండువైపులా పట్టుకునే కాలిపర్ అనే బరువైన ముక్కను ఊడదీస్తే, దాన్ని రబ్బరు గొట్టం మీద వేలాడదీయకూడదట, తీగతో కట్టాలట. తీగ కోసం చూసి చూసి నేను బట్టలారేసిన దండెం తీగ తెంపుకుపోయాడు. తడిబట్టలన్నీ మట్టిలో. నేను అరుస్తూనే ఉన్నాను. "అరిసింది సాలు గానీ ఆ బ్రేక్ ఆయిల్ డబ్బా మూత కాడ నిలబడు, పొంగితే బండి రంగు లేసిపోతాది" అని నా చేతికి గుడ్డ ఇచ్చి కాపలా పెట్టాడు. వంటింట్లో పప్పు అడుగంటింది. చివర నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, పెడల్ గట్టిపడేదాకా తొక్కు తొక్కు అని, చీరకుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటున్నా వదల్లేదు. అది చేయకుండా బండి కదిపితే మొదటిసారి బ్రేకు పడదట.

నిజం చెప్పాలి, ఇంతవరకూ పని బాగానే చేశాడు. సాయంత్రం వీధిలో ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. బండి చక్కగా ఆగింది. అయితే కొత్త ప్యాడ్లు కదా, ఆగేముందు సన్నగా కీచుమంది. కొన్నాళ్లు నడిస్తే అదే పోతుందని వీడియో చెప్పినా, కీచుమనే శబ్దం విని ఊరుకునే చెవులా అవి? నేను లోపల అత్త బట్టలు సర్దుతుంటే వచ్చి, సంబరంగా, "పోయిందిలే సప్పుడు" అన్నాడు. నట్టేదో బిగించి ఉంటాడనుకున్నాను. నూనె డబ్బా ఆయన చేతిలో ఉందన్న సంగతిని, మా ఇంట్లో అదొక వింత కానందువల్ల, నేను పట్టించుకోలేదు.

తెల్లారింది. మా వీధి కొండ వైపు నుంచి పెద్దరోడ్డుకు దిగుతుంది. అత్తను వెనక సీట్లో కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను. "ఇన్నావా, ఒక్క సప్పుడన్నా వస్తాందా?" అన్నాడు ఆయన. రాలేదు. వీధి చివర మలుపు దగ్గర బ్రేకు తొక్కినప్పుడూ రాలేదు. బండి ఆగనూ లేదు. చప్పుడు చేయకుండా, పెళ్లినడకతో, తిన్నగా పెద్దరోడ్డు మీదికి పోతూనే ఉంది. ఆయన హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగు పక్కకు తిప్పేసరికి, ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోసుకున్న ఇసుక కుప్పలోకి ముక్కు దూర్చి నిలిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. మా అత్త కొంగు సర్దుకుని, "అప్పుడే వచ్చినామా అప్పా కర్నూలుకు?" అంది.

ఆయన దిగి చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, సందులోకి వేలు పెట్టి, వాసన చూశాడు. తలెత్తకుండా, "రెండు సుక్కలే ఏసినా" అన్నాడు. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక నేనేం మాట్లాడానో ఆ వీధిలో వాళ్లను అడగాలి. రుద్దుకుంటేనే కదండీ బ్రేకు పడేది! దానికి నూనె పోసే మనిషిని, మిల్లు నడిపిన మనిషిని, ఏమనాలి? ఇంతలో వెనక సీట్లోంచి మా అత్త, సందు దొరికింది కదా అని, "దేవుడే ఆపినాడమ్మా, ఇంటికి పోదాం పద" అని తలుపు తడుముకోవడం మొదలుపెట్టింది. "దేవుడు ఆపలేదత్తా, హ్యాండ్ బ్రేకు ఆపింది! కదలద్దు" అని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని అక్కడే కూర్చున్నాను. వదిలితే ఇంటికి పోతుంది, ఇంటికి పోతే ఇక ఆ కన్ను అంతే.

అలా పట్టుకునే తమ్ముడికి ఫోన్ చేశాను. "ఉండక్కా, వస్తాండాను" అన్నాడు, అన్నట్టే కట్టుకున్న లుంగీతోనే కారేసుకొచ్చాడు. అప్పుడు మా ఆయన చేసిన పని నన్ను అన్నిటికన్నా కాల్చేసింది. "మీరు పోండి. బండి నేను సూసుకుంటా" అన్నాడు. కన్నతల్లికి కంటి ఆపరేషన్, ఈయనకు బండి! ఎమ్మిగనూరు దాటి ఎంతో దూరం పోయేదాకా నా నోరు ఆగలేదు. పాపం మా తమ్ముడు రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా నడిపాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు కట్టు విప్పే వేళకు ఆయన వచ్చాడు, అదే కారులో. నూనె తాగిన ప్యాడ్లు పారేసి, డిస్కులు కడిగి, మరో జత బిగించి, ఈసారి మెకానిక్‌కు చూపించుకుని వచ్చాడట. ఇదంతా నేను అడక్కుండానే చెప్పాడు. మసి చేతులతో లోపలికి రావద్దని నర్సు కసిరితే గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

డాక్టరు కట్టు విప్పాడు. మా అత్త కాసేపు కన్ను చికిలించుకుని నన్ను చూసింది, గోడను చూసింది, గుమ్మం వైపు చూసింది. నా వైపు వంగి, మెల్లగా, "ఆడ నిలబడినాడే పెద్దాయన, ఎవురమ్మా?" అంది.

గుమ్మంలో మా ఆయన తప్ప ఎవరూ లేరు. "నేనేనమ్మా" అన్నాడు. ఆ గొంతు వినగానే ఆమె ఉలిక్కిపడింది. దగ్గరికి రమ్మని, ఎప్పటిలా రెండు చేతులతో మొహం తడిమి, చేతులు తీసి మళ్లీ చూసింది. తెల్లబడిన జుట్టు చూసింది, జారిన చెంపలు చూసింది. "ఇంత ముసలోనివి ఎప్పుడైతివిరా నాయినా?" అంది. ఆయన మసి చేతులు వెనక దాచుకుని, ఆమెకు అందేలా ఇంకాస్త వంగాడు. దులపడానికి దాచుకొచ్చిన మాటలు వదిలేసి, నేనూ ఆయన మొహం చూశాను. నా కళ్లముందు ఆయన రోజూ కొంచెం కొంచెంగా ముసలివాడయ్యాడు, అందుకే నాకు తెలియలేదు. ఆ తల్లికి మాత్రం కొడుకు ఒక్క రాత్రిలో ముసలివాడయ్యాడు.